వాయువును రాయిగా మార్చే రాళ్లు
• వజ్రకరూరు శిలల్లో యుగాలనాటి ప్రక్రియ • నీటి లెక్కే అసలు చిక్కు

ఉరవకొండ: తొలకరి జల్లులు కురిశాయంటే చాలు, పొరుగునే ఉన్న వజ్రకరూరు పొలాల్లో తలలు వంచుకుని నడిచే జనం కనిపిస్తారు. వాననీటికి పైమట్టి కొట్టుకుపోయి ఎక్కడైనా ఓ మెరిసే రాయి బయటపడుతుందేమోనన్న ఆశతో ఇతర జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వచ్చి వెతుకుతుంటారు. వారు వెతికేది కర్బనం కోసమే. వజ్రమంటే స్ఫటిక రూపం దాల్చిన శుద్ధ కర్బనం. అయితే ఆ వజ్రాన్ని భూమి లోతుల నుంచి పైకి మోసుకొచ్చిన కింబర్‌లైట్‌ శిలకు కర్బనంతో మరో బంధుత్వం కూడా ఉంది. భూతాపానికి కారణమవుతున్న బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్‌ డయాక్సైడ్‌, ఈ జాతి శిలలకు నీటితో సహా తగిలితే వాయువుగా మిగలదు. మెల్లగా రాయిగా మారిపోతుంది.

కర్మాగారాల పొగలోని ఈ వాయువును పట్టి భూగర్భంలో దాచాలని పలు దేశాలు యత్నిస్తున్నాయి. దాచిన వాయువు తిరిగి పైకి రాకుండా ఉంటుందా అన్నదే అందరి సందేహం. అది రాయిగా మారితే ఆ సందేహానికి తావుండదు. అందుకే ఏ ఖనిజం ఎంత వేగంగా వాయువును పట్టుకుంటుందన్న ప్రశ్న ఇప్పుడు ప్రయోగశాలలు దాటి గనుల దాకా వచ్చింది. ఉరవకొండ వంటి కరవు సీమకు ఈ ప్రశ్నతో సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం ఉంది. ఇక్కడి నేలలో, బావుల్లో, తాగునీటిలో ఆ రసాయన చర్య యుగాలుగా సాగుతూనే ఉంది. దాని మేలు, కీడు రెండింటినీ ఈ ప్రాంతం అనుభవిస్తోంది.

సున్నం చెప్పే పాఠం

ఈ చర్యను అర్థం చేసుకోవడానికి గోడకు వేసే సున్నం చాలు. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు పైకి పోతుంది. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే 44 కిలోల వాయువు గాలిలో కలిసి, 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. దానికి నీళ్లు పోస్తే బుసబుసమంటూ వేడెక్కి తడిసున్నమవుతుంది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుంటూ గట్టిపడుతుంది. పాత మిద్దెల గచ్చు ఏళ్లు గడిచేకొద్దీ రాయిలా బిగుసుకుపోవడానికి కారణం ఇదే. గాలి నుంచి వాయువును తీసుకుని అది నిజంగానే మళ్లీ సున్నపురాయి అయింది.

అయితే ఈ లెక్కలో లాభం లేదు. బట్టీలో వదిలిన వాయువునే గోడ తిరిగి పట్టుకుంటుంది. తాడిపత్రి ప్రాంతంలోని సిమెంటు కర్మాగారాల్లో కొలిమికి వాడే బొగ్గు నుంచే గాక సున్నపురాయి నుంచి కూడా ఈ వాయువు వెలువడుతుంది. ప్రాచీన సముద్రాల అడుగున రాయిగా స్థిరపడిన కర్బనాన్ని మనం తిరిగి గాలిలోకి పంపుతున్నామన్నమాట.

నికరంగా లాభం రావాలంటే అంతకుముందు కర్బనంతో కలవని కాల్షియం గానీ, మెగ్నీషియం గానీ, ఇనుము గానీ కావాలి. అటువంటి లోహాలు సిలికాతో ముడిపడి కొన్ని రకాల నల్లరాళ్లలో సమృద్ధిగా ఉంటాయి. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగితే సోడా వలె స్వల్ప ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం రాతి ఖనిజాలను కొరికి లోహాలను నీటిలోకి విడుదల చేస్తుంది. ఈ క్రమంలో ఆమ్ల గుణం తగ్గిపోతుంది. అప్పుడు కరిగి ఉన్న కర్బనం ఆ లోహాలతో జతకట్టి కార్బొనేట్‌ ఖనిజంగా పేరుకుంటుంది. కాల్షియంతో కలిస్తే కాల్సైట్‌, మెగ్నీషియంతో కలిస్తే మాగ్నసైట్‌, ఇనుముతో కలిస్తే సిడరైట్‌. పేర్లు వేరైనా ప్రక్రియ ఒకటే.

అన్ని ఖనిజాలూ ఒకే వేగంతో లొంగవు. పచ్చగా ఉండే ఆలివిన్‌ అన్నిటికన్నా చురుకైనవాటిలో ఒకటి. లెక్క ప్రకారం సుమారు 1.6 టన్నుల మెగ్నీషియం ఆలివిన్‌ ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును బంధించగలదు. నల్లరాతిలోని పైరాక్సీన్‌, కాల్షియం గల ఫెల్‌స్పార్‌ దాని తరువాతివి. గులకరాయి మాదిరి తెల్లగా మెరిసే క్వార్ట్జ్‌కు ఈ ఆటలో పాత్రే లేదు. దాన్ని ఎంతకాలం ఈ నీటిలో నానబెట్టినా కార్బొనేట్‌ పుట్టదు.

పాడుబడ్డ బావిలో దీపం

భూగర్భంలో వాయువును నిల్వ చేయడం ఇప్పటికే జరుగుతున్న పనే. నార్వే తీరానికి ఆవల ఉత్తర సముద్రంలోని స్లీప్నర్‌ వాయుక్షేత్రంలో 1996 నుంచి సముద్రగర్భం కింది ఇసుకరాతి పొరల్లోకి ఈ వాయువును పంపారు. ఏటా దాదాపు పది లక్షల టన్నులు పంపిన సంవత్సరాలున్నాయి. సుమారు 800 మీటర్లకు మించిన లోతులో, పై నుంచి పడే ఒత్తిడికి వాయువు ద్రవమంత చిక్కబడుతుంది. పైన నీరు చొరని గట్టి బంకరాతి పొర మూతలా ఉండాలి. వాయువులో కొంత ఇసుక రేణువుల సందుల్లో చిక్కుకుంటుంది. కొంత అక్కడి ఉప్పునీటిలో కరుగుతుంది. ఖనిజంగా మారడం చివరి మజిలీ. ఇసుకరాతిలో అది పూర్తి కావడానికి వందలు, వేల ఏళ్లు పట్టవచ్చు. క్వార్ట్జ్‌ రేణువులే అధికంగా ఉండటం దీనికి ముఖ్య కారణం.

అంతకాలం మూత నమ్మకంగా నిలవాలి. బొగ్గుపులుసు వాయువు గాలి కన్నా బరువైనది. పాడుబడ్డ బావిలోకి దిగే ముందు వెలుగుతున్న దీపాన్ని దించి చూసే అలవాటు పెద్దలకు ఊరకే రాలేదు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదని అర్థం. ఆఫ్రికాలోని కామెరూన్‌లో 1986లో న్యోస్‌ సరస్సు అడుగున సహజంగా చేరిన ఈ వాయువు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి సుమారు 1,700 మందిని బలిగొంది. అది నిల్వ కేంద్రం కాదు, అగ్నిపర్వత ప్రాంతపు సరస్సు. అయినా భూగర్భ నిల్వ అనగానే ప్రజలు భయపడటానికి కారణం లేకపోలేదు. రాయిగా మారిన వాయువుకు ఈ భయం వర్తించదు. సున్నపురాయి లీకు కాదు గదా.

రెండేళ్లలో రాయి

ఈ ఆశకు బలమిచ్చింది ఐస్‌లాండ్‌ ప్రయోగం. ఆ దేశమంతా దాదాపు బసాల్టు అనే నల్లని లావారాతితో ఏర్పడింది. బసాల్టు బరువులో పావు వంతు వరకు కాల్షియం, మెగ్నీషియం, ఇనుమే ఉంటాయి. హెల్లిషేడి భూతాప విద్యుత్కేంద్రం వద్ద 2012లో ‘కార్బ్‌ఫిక్స్‌’ పథకం కింద రెండు వందల టన్నులకు పైగా వాయువును నీటిలో కరిగించి 400 నుంచి 800 మీటర్ల లోతుకు పంపారు. అది ఖనిజంగా మారడానికి చాలా కాలం పడుతుందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. 2016లో ‘సైన్స్‌’ పత్రికలో ప్రచురితమైన ఫలితాలు వారినే ఆశ్చర్యపరిచాయి. రెండేళ్లలోపే 95 శాతానికి పైగా రాయిగా మారింది. అక్కడి నుంచి తీసిన శిలల రంధ్రాల్లో తెల్లని కాల్సైట్‌ స్ఫటికాలు కనిపించాయి.

అమెరికాలోని వాషింగ్టన్‌ రాష్ట్రం, వల్లూలా వద్ద 2013లో మరో పద్ధతిని పరీక్షించారు. దాదాపు వెయ్యి టన్నుల వాయువును నీటిలో కరిగించకుండానే బసాల్టు పొరల్లోకి పంపారు. రెండేళ్ల తరువాత తీసిన శిలా నమూనాల్లో కొత్తగా పుట్టిన కార్బొనేట్‌ గుళికలు దొరికాయి.

బసాల్టు అనగానే భారతీయులకు గుర్తుకు రావలసింది దక్కను పీఠభూమి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. మహారాష్ట్రలో అధిక భాగం దాని మీదే ఉండగా, తెలంగాణలో వికారాబాద్‌, జహీరాబాద్‌, ఆదిలాబాద్‌ వైపు దాని అంచులు కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2000వ దశకంలోనే ఈ బసాల్టులో వాయు నిల్వకు గల అవకాశాలపై అధ్యయనం చేపట్టారు. అమెరికాకు చెందిన పసిఫిక్‌ నార్త్‌వెస్ట్‌ జాతీయ ప్రయోగశాల అందులో పాలుపంచుకుంది. వల్లూలా ప్రయోగంలోనూ ఇదే ప్రయోగశాలది ప్రధాన పాత్ర. ఆంధ్రప్రదేశ్‌లోనూ గోదావరికి ఇరువైపులా, కాతేరు, పంగిడి పరిసరాల్లో రాజమహేంద్రవరం బసాల్టు ఉంది. అక్కడ పైకి కనిపించే పొర పలుచనిది. కంకర క్వారీలకే ఎక్కువగా ఉపయోగపడుతోంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు కోసం తవ్విన బావుల్లో మాత్రం అవక్షేపాల అడుగున ఇదే జాతి లావారాయి తగిలింది.

ఇక్కడి రాయి వేరు

ఉరవకొండకు వచ్చేసరికి నేల స్వభావం మారిపోతుంది. పాము పడగను తలపించే ఊరి కొండ మొదలు చుట్టుపక్కల గుట్టలన్నీ గ్రానైటు, దాని జ్ఞాతి అయిన నైస్‌ శిలలే. వాటిలో క్వార్ట్జ్‌ దండిగా, కాల్షియం, మెగ్నీషియం కొద్దిగా ఉంటాయి. బసాల్టులో ఉండే గాలి బుడగల రంధ్రాలు వీటిలో ఉండవు. నీరైనా, వాయువైనా పగుళ్లలోనే నిలవాలి. ఆ పగుళ్లలోని కాస్త నీటి కోసమే రైతులు వందల అడుగుల లోతుకు బోర్లు దింపుతున్నారు. అదే సందుల్లోకి వాయువును పంపడమన్నది ఆలోచించదగిన విషయమే కాదు. గ్రానైటును అక్కడక్కడా చీల్చుకుని గోడల్లా నిలిచిన నల్లరాతి డైకులు స్వభావంలో బసాల్టుకు దగ్గరివే గానీ, వాటి పరిమాణం స్వల్పం.

అయినా ఖనిజాలకు, బొగ్గుపులుసు వాయువుకు మధ్య ఈ నేలలో నిరంతరం లావాదేవీ జరుగుతూనే ఉంటుంది. గాలిలో ఈ వాయువు పది లక్షల భాగాల్లో 420కి పైగా ఉంది. పారిశ్రామిక యుగానికి ముందు 280 ఉండేది. మట్టిలో మాత్రం వేళ్ల శ్వాస వల్ల, సూక్ష్మజీవుల వల్ల దానికి పదుల రెట్లు అధికంగా ఉంటుంది. వాననీరు మట్టిలో ఇంకుతూ ఆ వాయువును కలుపుకుని రాతిని చేరి, ఫెల్‌స్పార్‌ను బంకమట్టిగా మారుస్తూ సోడియం, కాల్షియంలను కరిగించుకుంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఈ సీమలో ఆ నీరు పూర్తిగా కొట్టుకుపోదు. మట్టిలోనే ఆరిపోతుంది. ఆరినప్పుడు కాల్షియం కార్బొనేట్‌ తెల్లని గడ్డలుగా మిగులుతుంది. పప్పుశనగ పండించే నల్లరేగడి చేలల్లో నాగలికి తగిలే సున్నపు గడ్డలు, బావి తవ్వినప్పుడు బయటపడే సుద్ద పొర ఇలా పుట్టినవే. గ్రానైటు నుంచి వచ్చిన కాల్షియంతో ఏర్పడిన ప్రతి గడ్డలోనూ ఒకప్పుడు గాలిలో తిరిగిన కర్బనం ఉంది. ఐస్‌లాండ్‌లో రెండేళ్లలో జరిగినది ఇక్కడ వేల ఏళ్లుగా, ఎవరి ప్రమేయమూ లేకుండా జరిగింది.

ఈ కథకు మరో ముఖం ఉంది. జిల్లా ప్రజలకు తెలియాల్సింది ముఖ్యంగా అదే. గ్రానైటులోని నల్లని అభ్రకం, అపటైట్‌, ఫ్లోరైట్‌ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్‌ ఉంటుంది. నీటిలో కాల్షియం పుష్కలంగా ఉన్నంతకాలం అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. ఎక్కువగా కరగనివ్వదు. కాల్షియం అంతా సుద్దగా పేరుకుపోతే ఆ కాపలా తొలగిపోతుంది. బైకార్బనేట్‌, సోడియం మిగిలిన క్షార జలంలోకి ఫ్లోరైడ్‌ యథేచ్ఛగా చేరుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, గత్యంతరం లేకుంటే 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీరు ఏళ్ల తరబడి తాగిన పిల్లల పళ్లపై గార, పెద్దల ఎముకల్లో బిగుతు అనంతపురం జిల్లా ఎరిగిన వ్యథలే. 1990వ దశకంలో సత్యసాయి సెంట్రల్‌ ట్రస్టు వందలాది గ్రామాలకు తాగునీటి పథకం చేపట్టడానికి నేపథ్యం కూడా ఈ నీటి కష్టాలే. వాయువును బంధించి గాలికి మేలు చేసే చర్య, అదే చేత్తో బావి నీటిని పాడు చేయగలదు.

వజ్రపు పైపులు

వజ్రకరూరు, లత్తవరం పరిసరాల్లోని కింబర్‌లైట్లు గ్రానైటు సీమలో విడి జాతి. దాదాపు 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి పొరల నుంచి గొట్టాల్లా చీల్చుకుని పైకి వచ్చిన ఈ శిలలను ‘పైపులు’ అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దశాబ్దాల అన్వేషణలో ఈ క్షేత్రంలో ఇరవైకి పైగా కింబర్‌లైట్లను గుర్తించారు. వీటిలో ఆలివిన్‌ అధికం. అందులో చాలా భాగం నీటితో కలిసి నాగశిల జాతి సర్పెంటైన్‌గా మారింది. కాల్సైట్‌ కూడా ఉంది. అందులో కొంత కరిగిన శిలతో పాటే లోతుల నుంచి వచ్చినది కాగా, కొంత తరువాత నీరు, వాయువు చేరి ఏర్పరచినది. గ్రానైటు కన్నా త్వరగా శిథిలమై, కాల్షియం, మెగ్నీషియంలను ధారాళంగా వదిలే శిల కావడంతో పలుచోట్ల కింబర్‌లైట్‌ నెత్తిన సుద్ద టోపీ కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలకు అది ఆనవాలు కూడా.

పొరుగు రాష్ట్రంలో ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. తమిళనాడులోని సేలం దగ్గర ‘సుద్ద కొండలు’గా పేరొందిన గుట్టల్లో ఆలివిన్‌ నిండిన డ్యూనైట్‌ శిలను తెల్లని మాగ్నసైట్‌ నరాలు వలలా అల్లుకుని ఉంటాయి. బొగ్గుపులుసు వాయువు గల నీరు పగుళ్లలో పారి రాతిలోని మెగ్నీషియాన్ని మాగ్నసైట్‌గా మార్చిన ఫలితమది. కొలిమి ఇటుకల తయారీ కోసం ఆ ఖనిజాన్ని ఏనాటి నుంచో తవ్వుతున్నారు. విచిత్రమేమంటే, ఆ పని కోసం దాన్ని కాల్చినప్పుడు ప్రకృతి బంధించిన వాయువు తిరిగి గాలిలో కలుస్తుంది.

వజ్రాల గనుల వ్యర్థంతో ఈ పని చేయించాలన్న ఆలోచన కొత్తది. వజ్రాలు తీశాక మిగిలే కింబర్‌లైట్‌ పొడి కొండల్లా పేరుకుపోతుంది. పిండి అయిన రాతికి గాలి తగిలే ఉపరితలం అనేక రెట్లు పెరుగుతుంది. డీబీర్స్‌ సంస్థ 2017లో తమ గనుల వ్యర్థాన్ని ఇందుకు వినియోగించే పరిశోధనను ప్రకటించింది. కెనడా విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు అక్కడి వజ్రపు గనుల వద్ద పరీక్షలు జరిపారు. వజ్రకరూరులో వాణిజ్య స్థాయి గని లేదు. కాబట్టి అటువంటి గుట్టలూ లేవు. కేవలం వాయువును బంధించడం కోసం ఇక్కడి పైపులను తవ్వి పిండి చేయడం దండగమారి పని. పైగా ఈ జాతి రాళ్లలో నికెల్‌, క్రోమియం ఉంటాయి. సర్పెంటైన్‌ కొన్ని చోట్ల రాతినార రూపంలో ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం.

టన్నుకు పాతిక టన్నుల నీరు

ఐస్‌లాండ్‌ పద్ధతిలో ఒక టన్ను వాయువును కరిగించడానికి సుమారు 25 టన్నుల నీరు కావాలి. పది లక్షల టన్నులకు రెండున్నర కోట్ల టన్నుల నీరు, అంటే దాదాపు 0.9 టీఎంసీ. ఐస్‌లాండ్‌లో ఆ నీటిని అదే శిలల నుంచి తోడి, వాయువు కలిపి తిరిగి పంపుతారు. వానలు, మంచు ధారాళంగా ఉన్న దేశానికి అది సాధ్యమైంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతంతో, కృష్ణా జలాలు హంద్రీ-నీవా ఎత్తిపోతల మీదుగా 2012లో జీడిపల్లికి చేరడాన్నే పండుగ చేసుకున్న ప్రాంతంలో ఆ లెక్క ఎలా కుదురుతుందో వేరే చెప్పనక్కర్లేదు. సముద్రపు నీటితో ఇదే పని చేసే ప్రయోగాలు ఇతర దేశాల్లో సాగుతున్నాయి. అవి ఫలిస్తే కోస్తా బసాల్టుకే మేలు.

మరో మార్గంగా బసాల్టు పొడిని పొలాల్లో చల్లే విధానం ప్రచారంలోకి వస్తోంది. మట్టిలోని వాయువు ఆ పొడిని కరిగించి బైకార్బనేట్‌గా నీటిలో చేరుతుంది. నేలకు కొంత కాల్షియం, మెగ్నీషియం అందుతాయి. ఛత్తీస్‌గఢ్‌ తదితర రాష్ట్రాల చిన్న రైతుల వరిమళ్లలో ఈ పని చేస్తున్న ‘మాటి కార్బన్‌’ సంస్థ 2025లో 5 కోట్ల డాలర్ల ఎక్స్‌ప్రైజ్‌ బహుమతి గెలుచుకుంది. ఆ మళ్లలో నీరు నిలుస్తుంది, నేల ఆమ్ల స్వభావం గలది. ఉరవకొండ నేలలు అందుకు భిన్నం. నల్లరేగడిలో ఇప్పటికే సుద్ద ఉంది, క్షార గుణం ఉంది, తడి ఉండేది కొద్ది నెలలే. అటువంటి చోట రాతిపొడి కరిగే వేగం తగ్గుతుంది.

ఈ పొడి చల్లినందుకు రైతుకు కర్బన రుసుము చెల్లిస్తామంటూ రేపు ఎవరైనా ఇక్కడికి రావచ్చు. వచ్చినవారిని రైతులు మొదట అడగవలసింది రుసుము గురించి కాదు. రాతిపొడిలో నికెల్‌, క్రోమియం ఎంత ఉన్నాయన్న పరీక్షా ఫలితాన్ని, చేను చుట్టూ ఉన్న బోర్లలో పొడి చల్లక ముందు ఫ్లోరైడ్‌ ఎంత ఉందన్న కొలతను అడగాలి. నీటిలో బైకార్బనేట్‌ పెరిగి, కాల్షియం సుద్దగా దిగిపోతే ఫ్లోరైడ్‌ పెరిగే అవకాశం ఉన్నందున ఆ కొలతను ప్రతి వానాకాలం తరువాత తిరిగి తీయాలి. ముందటి అంకె నమోదు కాకపోతే తరువాతి అంకెను దేనితోనూ పోల్చి చూడలేరు.